నాయనమ్మకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చిన వాళ్లందరికీ ఇప్పుడు చెవి వెనక బిళ్ల పెడుతున్నారు. మెదడులో ఏ రసాయనం తగ్గినా, పెరిగినా నర్సులు దాంతోనే సర్దుతారు. మా నాయనమ్మకూ పెట్టారు. ఆమెకు మాటలన్నీ పోయి ఒక్క తిట్టు మిగిలింది. అన్నం కావాలన్నా, నన్ను దగ్గరికి పిలవాలన్నా "నీ జిమ్మడ" అంటుంది. అన్నప్పుడల్లా బిళ్ల ఎర్రగా వెలుగుతుంది.

ఈరోజు నర్సు స్వరూపక్క వచ్చి చూసింది. "కోపం రసాయనం ఎక్కువైంది పిల్లా. జర తగ్గిస్త, సల్లగ ఉంటది" అంది.

తగ్గించింది. నాయనమ్మ నవ్వుతూ కూర్చుంది. తిడుతుందేమోనని జుట్టు విరబోసుకుని ఎదురుగా నిలబడ్డాను. తిట్టలేదు. పిలిచినా పలకలేదు.

"ఎప్పట్లెక్క పెట్టక్కా" అన్నాను. బడిలో హాజరు కూడా గట్టిగా పలకని నేను వాకిట్లోకి వినపడేలా అన్నాను.

"పిచ్చి లేసిందా? పానానికేం గాదు గని, రోజూ తిట్లు పడ్తవా?"

"పడ్త. నువ్వు గూడ పడు."

"మల్ల ఎర్ర లైటెందుకని బిళ్లల ఆఫీసోల్లు ఫోన్ జేస్తరు. ఏం జెప్తవ్?"

"మా నాయనమ్మ మాట్లాడుతున్నదని చెప్త."