పెద్ద చక్రాల కారు

తిరుత్తణి రోడ్డు మీద కారు మళ్ళీ కర్రుమంది. ధనకోటి విసుగ్గా దిగి వెనక చక్రాన్ని తడిమి చూశాడు. మద్రాసులో ఎవరో మేనేజరు వాడి వదిలేసిన ఆ కారుకు, తళతళలాడే పెద్ద అలాయ్ చక్రాలు నిన్ననే వేయించాడు.

"చక్రం మడ్‌గార్డుకు ఒరుసుకుంటా ఉండాది. అత్తా, నువ్వు దిగి బస్సులో వచ్చెయ్."

"అంతా నా బరువే నాయనా," అంటూ కుప్పమ్మ దిగింది. కొండ మీద మొక్కు ఆమెదే.

ముందు సీట్లో కూర్చున్న కాంచనకు తల్లి లావు చూసి తల కొట్టేసినట్టయింది. "బిగించేటప్పుడు షాపాయన చెప్పలేదాండీ?" అని మొగుణ్ణి అడిగింది.

"చెప్పినాడు. వెనకాల మనుషులు కూచుంటే ఒరుసుకుంటాదన్నాడు. ఖాళీగా పోతే రాజా బండి మాదిరి ఉంటాది, వెయ్యి అంటిని."

కాంచన అతణ్ణి ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. పూలబుట్ట తీసుకుని తనూ దిగింది.

"నువ్వెందుకే? ముందర కూచో."

"నీ రాజా బండిలో నువ్వే పో."

పెళ్ళయినాక ఆమె అతణ్ణి 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ధనకోటికి అది వినబడనే లేదు. కారు కాస్త ముందుకు నడిపి, కిటికీలోంచి తల బయటపెట్టి సంబరంగా అరిచాడు.

"కాంచనా! ఇప్పుడు ఒరుసుకోలేదు!"

ఆమె అటు చూడలేదు. తల్లి చెయ్యి పట్టుకుని, వస్తున్న బస్సును ఆపింది.