ఇంటిపేరు చెప్పని పెద్దమనిషి

"కాస్త జరుగుతారా?" అంటూ గోధుమరంగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గ్యాలరీలో చెంబాటండ ఇంటివాళ్ళ మధ్య సర్దుకుని కూర్చున్నాడు.

ఆయన్ని ఎవరూ చూడలేదు. కింద మైదానంలో వాళ్ళింటి ఫార్వర్డ్ మొణ్ణప్ప అప్పుడే ఇద్దర్ని తప్పించుకుని గోలు కొట్టాడు మరి.

"చూశారా! బంతి వాడి కర్రకి బెల్లప్పాకంలా అంటుకుపోతుంది!" రిటైర్డు సుబేదారు పూవయ్య తొడ చరిచాడు. ఆయన మొణ్ణప్పకి పెదనాన్న.

"నేర్పితే వచ్చే విద్యా అది? పుట్టుకతో రావాలి," అంది ఆయన చెల్లెలు చోందమ్మ. "ఉయ్యాల్లో ఉన్నప్పుడే వాడు గిలక్కాయ తిప్పిన తీరు చూసి చెప్పాను, వీడు ఫార్వర్డ్ అవుతాడని."

"మన రక్తం!" అన్నాడు నాచప్ప బాబాయి. ఆయన జన్మలో హాకీ కర్ర పట్టింది పాముని కొట్టడానికే.

టోపీ ఆయన ముందుకు వంగాడు.

"ఆ అబ్బాయి మీకు బాగా తెలుసాండీ?"

"తెలియకేం, మావాడే! తమరు ఏ ఇంటివారు?"

"అది తర్వాత చెబుతాను లెండి," అని ఆయన నవ్వాడు.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. కొడగులో ఇంటిపేరు దాచేవాడంటే దొంగైనా అయ్యుండాలి, అవతలి జట్టు మనిషైనా అయ్యుండాలి. అందులోనూ ఇంటికో జట్టు చొప్పున ఆడే హాకీ పండగ అది. ఈ సెమీఫైనల్ నెగ్గితే ఆదివారం పూళెయండ ఇంటివాళ్ళతో ఫైనల్. చెంబాటండ ఇంటికి కప్పు ఇంతవరకూ రాలేదు. ఆశంతా మొణ్ణప్ప మీదే. ఆ మొణ్ణప్పకి నిన్ననే చీలమండ బెణికింది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

"పూళెయండ వాళ్ళ వేగులవాడు," అని పూవయ్య చెల్లెలి చెవిలో ఊదాడు. "కాలి సంగతి పొక్కిందంటే ఆదివారం సరిగ్గా అక్కడే కొడతారు. ఉన్నది తప్ప అన్నీ చెబుదాం."

"కుర్రాడికి ఆరోగ్యం బాగుంటుందాండీ?" అడిగాడు టోపీ ఆయన.

"ఏం ఆరోగ్యం లెండి," పూవయ్య నిట్టూర్చాడు. "పొద్దు వాలితే కళ్ళు కనబడవు పాపం. రేచీకటి."

అంతలో ఆ సాయంత్రపు మసక వెలుగులోనే మొణ్ణప్ప వెనక్కి తిరిగి కొట్టిన బంతి వెళ్ళి గోలు మూలలో దూరింది.

"కళ్ళు కనబడవన్నారు?"

"కనబడవు. చప్పుడు విని కొడతాడు."

"అదే మరి, పుట్టుకతో వచ్చిన ప్రతిభంటే!" అందించాడు నాచప్ప.

టోపీ ఆయన గొంతు తగ్గించాడు. "తాగుడు అలవాటేమైనా..."

చోందమ్మ రంగంలోకి దిగింది. "పొద్దున్నే కాఫీకి ముందే రమ్ము పడాలి వాడికి. ఇప్పుడు మాత్రం? ఒళ్ళు తెలియకుండా ఆడుతున్నాడు."

కింద మొణ్ణప్ప ముందుకి దూకి, బోర్లా పడుతూనే కర్ర చాచి బంతిని గోలులోకి నెట్టాడు.

"చూశారుగా తూలడం!" అంది చోందమ్మ.

"పడుతూ కూడా గోలు కొట్టాడే!" ఆయన ఆగలేక చప్పట్లు కొట్టాడు.

"నిలబడగలిగితే ఇంకోటి కొట్టేవాడు," అన్నాడు నాచప్ప బాధగా.

టోపీ ఆయన మరికాస్త దగ్గరికి జరిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి కోపం ఎలా ఉంటుందండీ?"

మావాణ్ణి రెచ్చగొట్టి ఎర్రకార్డు ఇప్పించాలని చూస్తున్నాడన్నమాట, అనుకున్నాడు పూవయ్య. ఆదివారం ఏ ఒక్కడూ మొణ్ణప్ప దరిదాపులకి రాకుండా చెయ్యాలంటే ఇదే అదను.

"అబ్బో! ఇంట్లో కూడా ఆ కర్ర చేతిలోంచి దించడు. కూరలో ఉప్పు తగ్గిందా, అదే కర్రతో..." అని ఆగి, కళ్ళు ఒత్తుకున్నాడు.

"అయ్యో," అన్నాడు టోపీ ఆయన. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంటివాళ్ళు మీరే చెబుతున్నారంటే అబద్ధమెందుకవుతుంది? ఆటయితే అద్భుతమండీ."

ముగ్గురికీ నమస్కారం పెట్టి, ఆట పూర్తికాకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"తోక ముడిచాడు!" అని పూవయ్య పకపకా నవ్వాడు. చోందమ్మ ఆనందం పట్టలేక పందికూర డబ్బా అక్కడే విప్పేసింది.

ఈల మోగింది. చెంబాటండ ఇల్లు ఫైనల్‌కి వెళ్ళింది. మొణ్ణప్ప ఎవరి భుజాలూ ఎక్కకుండా, కుంటుకుంటూ నేరుగా గ్యాలరీ ఎక్కి వచ్చాడు.

"పెదనాన్నా, మీ పక్కన టోపీ పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు కదా, ఏడి?"

"సాగనంపాం!" పూవయ్య మీసం మెలేశాడు. "ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నీ గురించి ఒక్క నిజం కూడా చెప్పలేదురా. పూళెయండ వాళ్ళు ఇక జన్మలో వేగులవాణ్ణి పంపరు."

"వేగులవాడా?"

మొణ్ణప్ప మెట్టు మీద కూలబడ్డాడు. నాచప్ప చేతిలో ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"తానెవరో చెప్పకుండా నలుగురిలో కూర్చుంటేనే మనిషి గుణం తెలుస్తుందన్నాడు. అలా అయితే మావాళ్ళ పక్కనే కూర్చోండి, నన్ను నెత్తిన పెట్టుకుంటారు అని నేనే పంపాను. దేచమ్మని నాకిచ్చి పెళ్ళి చెయ్యమని రెండేళ్ళు బతిమాలితే, వాళ్ళ నాన్న ఇవాళ నన్ను చూడటానికి వచ్చాడు పెదనాన్నా."