నాలుగు బీరువాలు

"వద్దు మోళే, వద్దమ్మా. ఆ కప్పకి నా పేరు వద్దు. ఇంకేదైనా చూసుకో."

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన వేలాయుధన్ మాష్ ఆ మాట అనడం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. కప్పల మీద పరిశోధన చేసే రుబీన ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి అలాగే కూర్చుంది. సాయంత్రం అయిదులోగా కొత్త కప్ప పేరు పరిశోధన పత్రికకి చేరాలి. నీలంబూర్ అడవి అంచున, తన పుట్టింటి బావి వెనకే ఆమె కనిపెట్టిన బొటనవేలంత కప్ప అది. లోకంలో ఇంతవరకూ ఎవరూ దానికి పేరు పెట్టలేదు. పెడితే మాష్ పేరే పెట్టాలని ఆమె పట్టుదల.

"కప్ప అని నామోషీయా మాషే?"

"కప్పకేం, మహారాజులా ఉంది."

"మరి?"

ఆయన గ్లాసెత్తి, పాలు కలపని సులైమాని టీ ఊదుకుంటూ తాగారు.

"ఏం లేదమ్మా, మొహమాటం," అంది ఆయన భార్య కార్త్యాయని, వేడివేడి అరటిపండు బజ్జీలు తెచ్చిపెడుతూ. "ముప్పై ఏళ్లు ఊరందరి సందేహాలూ తీర్చారు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పమను, ఇప్పటికీ జవాబు లేదు."

రుబీన నవ్వేసింది. ఆ ఊరి గ్రంథాలయంలో గుమ్మం పక్కనే ఒక చెక్కపెట్టె ఉండేది. వారమంతా జనం అందులో చీటీలు వేసేవారు. ఉల్లిపాయ కోస్తే కళ్లెందుకు మండుతాయి? కొమ్మ మీద నిద్రపోయే కోడి కిందెందుకు పడదు? పనసపాలు నూనె రాసిన చేతికి ఎందుకంటవు? ఆదివారం మాష్ అక్కడి బీరువాల్లో పుస్తకాలు తిరగేసి, జవాబులు రాసి బోర్డుకి అంటించేవారు. బీడీలు చుట్టేవాళ్ల నుంచి మదర్సా ఉస్తాద్ దాకా అందరూ వచ్చి చదివేవారు. మాష్ రాశారంటే ఇక తిరుగులేదు.

పదేళ్ల వయసులో రుబీన కూడా ఒక చీటీ వేసింది. వాన వచ్చే ముందు మాత్రమే మా బావి వెనక టిక్ టిక్‌మని అరిచే కప్ప పేరేమిటి అని.

దానికి వచ్చిన జవాబు ఇప్పటికీ ఆమె సంచిలోనే ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా తీసి చదివింది. "నాలుగు బీరువాల్లో పుస్తకాలన్నీ వెతికాను. ఇలాంటి కప్ప ఎక్కడా లేదు. బహుశా దీన్ని ఇంకా ఎవరూ చూసి ఉండరు. నువ్వే చూసి మాకు చెప్పు."

మాష్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"మా ప్రొఫెసర్ కొట్టిపారేశారు మాషే. మామూలు వాగుకప్పే, దీని వెంటపడి ఏళ్లు పాడుచేసుకోకు అన్నారు. తోటివాళ్లు నాకు టిక్‌టిక్ అని పేరే పెట్టేశారు. వదిలేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో. అప్పుడల్లా ఈ కాగితం తీసేదాన్ని. వేలాయుధన్ మాష్ నాలుగు బీరువాలూ గాలించి లేదన్నారు, వీళ్లెవరు కాదనడానికి అనుకునేదాన్ని. మళ్లీ టార్చి పట్టుకుని వానలో దిగేదాన్ని." ఆమె కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టింది. "మీరు చేసిన మేలు ఈ జన్మకి మరిచిపోలేను."

"నేనే నీకు దణ్ణం పెట్టాలి మోళే. నా మాట నిజం చేశావు," అన్నారాయన. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

గోడ గడియారంలో నాలుగున్నర అయింది.

"ఇంక మీ మాట వినను," అని రుబీన ఆయన పేరు టైపు చేసింది. పంపబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. ఇది విన్నాక నీ ఇష్టం. నీకు జవాబు రాసిన ఆ ఆదివారం మంజేరిలో ఫుట్‌బాల్ ఫైనల్. నా బస్సుకి ఇంకా అయిదు నిమిషాలే ఉన్నాయి. పెట్టెలో నీ చీటీ ఒక్కటే మిగిలింది."

"అయితే?"

మాష్ తల వంచుకున్నారు.

"నేను బీరువా తాళమే తియ్యలేదు."