గుండ్రంగా పడుకునే పిట్టలు

గేటు తీయడానికి పికప్ దిగిన వేడ్‌కు ఒక ముసలివాడు అడ్డం వచ్చాడు.

"ఈ వేట రాంచ్ కొంటున్నది నువ్వేనా, నాయనా?"

"అయితే?"

"కొనకు. పొద్దున నువ్వు వేటాడినవి ఇక్కడి కౌజు పిట్టలు కావు. గూళ్లలో పెంచినవి. పోయిన వారమే లారీలో తెచ్చి వదిలారు."

స్టీరింగ్ ముందు కూర్చున్న దళారి రాయ్స్ పకపకా నవ్వాడు.

"ఏం తాతా, పొద్దున్నే పట్టించావా? సార్, వీడు ఇక్కడ కంచెలు కట్టేవాడు. తాగుతున్నాడని మాన్పించారు. ఆ కడుపుమంట."

వేడ్ రొమ్ము విరుచుకున్నాడు.

"పద్దెనిమిది తూటాలకు పదిహేను పిట్టలు కొట్టాను, తెలుసా? నా జన్మలో ఇంత గురి కుదరలేదు."

"గురి నీది కాదు, నాయనా. వాటికి సరిగ్గా ఎగరడం రాదు."

వేడ్ ముఖం కందగడ్డ అయింది.

ముసలివాడు ఆగలేదు.

"నన్ను నమ్మొద్దు, నీ కళ్లను నమ్ము. కౌజులు తోకలు లోపలికి, ముఖాలు బయటికి పెట్టి గుండ్రంగా పడుకుంటాయి. పడుకున్నచోట మధ్యలో రెట్టలు కుప్ప పడతాయి. పోయి చూడు. ఎండి తెల్లబడిన పాత కుప్ప ఒక్కటి కనిపిస్తే కొనుక్కో. వారం కింద వచ్చిన పిట్టలకు పాత కుప్పలెక్కడివి?"

"విన్నారా సార్? సంతకానికి ముందు తమరు రెట్టలు ఏరుకోవాలట!"

వేడ్ కూడా నవ్వాడు. అయినా గురి మాట ముల్లులా గుచ్చుకునే ఉంది.

"వీణ్ణి ఇక్కణ్ణుంచి గెంటించు, రాయ్స్. అప్పుడే నా సంతకం."

ముసలివాడు గేటు దాటి లోపల నిలబడ్డాడు. ఆ ఒక్క నేరం చాలు. షెరీఫ్ పంపిన పోలీసు వచ్చి బేడీలు వేశాడు. కారులోకి నెడుతుంటే అతని టోపీ దుమ్ములో పడింది.

"ఒక్క కుప్ప, నాయనా. ఒక్కటి చూడు చాలు," అన్నాడు లోపలినుంచి.

ఆ టెక్సస్ పల్లెల్లో ఇంకొకడి టోపీ ముట్టుకోవడమంటే చెంపమీద కొట్టడమే. వేడ్ దాన్ని బూటుకాలితో లేపి, కంచె గుంజకు తగిలించాడు.

"ఇదిగో, నా రాంచ్‌కి దిష్టిబొమ్మ!"

తిరిగి వెళ్లి చూసే తీరిక లేక కాదు. చూస్తే ముసలివాడి మాట విన్నట్టవుతుందని చూడలేదు.

ఇరవై ఏళ్లు చెమటోడ్చి పెంచిన ట్రాక్టర్ల షెడ్డు అమ్మేశాడు. ఉన్న ఇల్లూ అమ్మేశాడు. చాలనిది బ్యాంకు ఇచ్చింది. భార్య నెల్డా మాత్రం, "ఇంకెవరికైనా ఒకసారి చూపిద్దామండీ," అంది.

"నా కళ్లతో చూశానే!"

చలికాలం వచ్చింది. హ్యూస్టన్ నుంచి డబ్బు కట్టి వేటగాళ్లు వచ్చారు. కుక్కలు సర్కారు తుమ్మల్లో, నాగజెముడు పొదల్లో పొద్దుగూకేదాకా తిరిగాయి. ఒక్క పిట్ట లేవలేదు. లారీ పిట్టల్ని గద్దలూ నక్కలూ ఎప్పుడో తినేశాయి.

వేటగాళ్లు కట్టిన డబ్బు వెనక్కి లాక్కుని పోయారు.

మర్నాటి నుంచి వేడ్ మోకాళ్లమీద పాకుతూ పొదలకింద వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం పోయింది? నేనూ వెతకనా?" అని అడిగింది నెల్డా.

అతను చెప్పలేదు. నెలంతా వెతికాడు. ఒక్క కుప్ప లేదు.

ఆదివారం ప్రార్థన నుంచి తిరిగి వస్తూ గేటు దగ్గర నెల్డా కళ్లు ఒత్తుకుంది.

"మనమేం పాపం చేశామండీ? దేవుడు ముందుగా ఒక్క మాటైనా చెప్పి పంపకూడదా?"

వేడ్ గుంజమీది టోపీని చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

అప్పు కట్టమని బ్యాంకు రెండో ఉత్తరం వచ్చిన రోజే రాయ్స్ దిగాడు, చేతిలో అమ్మకం కాగితాలతో.

"దిగులెందుకు సార్? డాలస్ డాక్టరొకాయన వేట పిచ్చితో ఉన్నాడు. ఆయన రావడానికి వారం ముందు పిట్టల లారీ దింపిస్తాను."

"అంటే నాకూ..."

"మీకూ, మీకు ముందాయనకూ. మీరు మరీ చిన్నపిల్లాడిలా!"

వేడ్ పిడికిలి బిగిసింది. వంటింటి కిటికీలో నెల్డా గిన్నెలు తోముతోంది. పిడికిలి దానంతటదే వదులైంది.

"ఆ డాక్టర్‌కు పిల్లలున్నారా?"

"నేను అడగలేదు. మీరూ అడక్కండి."

వేడ్ సంతకం పెట్టాడు.

"గేటు దగ్గర ఆయన్నెవరైనా ఆపితే?"

"ఆపేవాడేడీ? ఆ ముసలాడు జైలు నుంచి వచ్చిన నెలకే చలికి బిగుసుకుని చచ్చాడుగా, తలదాచుకోను చూరైనా లేక."

వేడ్ గేటు వైపు చూశాడు.

"కంచెలు కట్టేవాడికి ఎందుకంత పట్టింపు, రాయ్స్?"

రాయ్స్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కంచెలేమిటి సార్, అది మీకోసం అల్లిన కథ, మీకు ముందు ఈ రాంచ్ కొన్నది అతనే, ఇవే కాగితాలు ముందు పెడితే తన మెడలోని ఉచ్చు ఇంకొకడి మెడకు వేయనని మొత్తం బ్యాంకుకు వదిలేసి, ఆ టోపీ ఒక్కటి పెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు."