గోడ మీది చిక్కుడు

"ఇది కాదు," అంది సుంకులమ్మ, కొబ్బరి చిప్పలో మొలిచిన చిక్కుడు మొక్కను ఒక్క చూపు చూసి. "కాడ పచ్చగుండాది."

మహేశ్వరి రెండో చిప్ప ముందుకు జరిపింది.

"ఇది పొట్టి రకం. పందిరెక్కదు."

మూడోది చూడకుండానే అత్త రాట్నం వైపు తిరిగి మగ్గానికి దారం కండె చుట్టడం మొదలుపెట్టింది. మూడు పొట్లాలూ మహేశ్వరి ఆదోని బజారంతా తిరిగి కొన్నవే. పొట్లాల మీది బొమ్మల్లో కాయలు నిగనిగలాడుతున్నాయి. బొమ్మలేం చేసుకోవాలి? ఈ ఇంటి చిక్కుడుకు కాడ ఎరుపు, కాయ అంచు ఊదా, గింజ నలుపు.

తప్పు తనదే. ఉగాదికి ఇల్లు కడిగేటప్పుడు అటక మీద మసిబట్టిన కుండ దొరికింది. నిండా బూడిద. డిగ్రీ చదివిన కోడలికి అది ఉత్త బూడిదలాగే కనిపించింది. చెత్త బండిలో గుమ్మరించి, కుండ తోమి బోర్లించింది. పురుగు పట్టకుండా అందులో చిక్కుడు గింజలు దాచారని సాయంత్రానికి గానీ తెలియలేదు. సుంకులమ్మ తన అత్త చేతి నుంచి అందుకున్న విత్తనం అది.

సుంకులమ్మ ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి పెరటి పని మాత్రం కోడలికి చెప్పడం మానేసింది. మోకాళ్ల నొప్పితోనే కరివేపాకుకు నీళ్లు మోసుకుపోతోంది. ఒక్కసారి గట్టిగా తిట్టినా మహేశ్వరి తట్టుకునేది. తొలకరి లోపల ఆ విత్తనం మళ్లీ ఇంటికి తెచ్చి తీరాలని పట్టు పట్టింది.

అది ఉన్నది ఒక్కచోటే. పక్కింటి ఉమారాణి గోడ మీద. తీగ ఎండకు వాడిపోయినా, విత్తనానికని విడిచిన నాలుగు కాయలు గాలికి గలగలమంటున్నాయి.

"అవి మనవేనంట కదత్తా?"

"మనవే. పదేండ్ల కింద నా పందిరి మీంచి ఎత్తుకపోయింది. అందుకే దానికి ఇరగ కాస్తాంది. అడుక్కొచ్చిన విత్తనం యాడ నిలుస్తాది? కన్నుగప్పి తెచ్చిందే నిలుస్తాది."

మహేశ్వరి ఎరిగినంతలో ఆ ఇద్దరి మధ్య జగడాలే తప్ప మాటల్లేవు.

"అట్లాంటివి నేను నమ్మను. పోయి అడుగుతా."

"ఈ పొద్దు వద్దు. మంగళారం విత్తనం అడగకూడదు. రేపు పో."

బుధవారం పొద్దున్నే మహేశ్వరి గోడ దగ్గరికి వెళ్లింది. ఉమారాణి బట్టలారేస్తోంది.

"ఉమారాణక్కా, ఒక్క కాయ ఇస్తావా?"

"ఇయ్యను."

"కాయ వద్దులే. రెండు గింజలియ్యి."

"సెప్పినా కదా. మీ అత్తనడుగు పో. ఆయమ్మ కుండ నిండా ఉంటాయి."

మహేశ్వరి ముఖం వేడెక్కింది. కుండ సంగతి అప్పుడే గోడ దాటిందన్నమాట.

కోసిగిలోని పుట్టింటికి ఫోన్ చేసింది. అమ్మ పంపిన గింజలు తెల్లగా ఉన్నాయి. ఇక గోడ ఎత్తు చూడసాగింది. బట్టలుతికే బండ మీద నిలబడితే చేయి అందుతుంది. కానీ ఉమారాణి పొద్దస్తమానం పెరట్లోనే ఉంటోంది.

మృగశిర కార్తె ఇంకో రెండు రోజులుందనగా, మధ్యాహ్నం సుంకులమ్మ రాట్నం ఆపి వీధి వాకిట్లోకి వెళ్లింది.

"ఏమే ఉమారాణీ, మీ నూలు అద్దిన రంగు నీళ్లు మా వాకిట్లోకి ఇడుస్తావా?"

"మున్సిపాలిటీ కాలవ నీ వాకిలెప్పుడైంది పెద్దమ్మా?" అంటూ ఉమారాణి పెరట్లోంచి వీధిలోకి వచ్చింది.

"మొదలైంది," అని గొణిగి, మహేశ్వరి భర్త వీరేష్ మగ్గం చప్పుడు పెంచాడు.

మహేశ్వరి బండ ఎక్కింది. ఎవరి వస్తువూ ముట్టని చేయి గోడ మీదికి సాగింది. ఒక్క కాయ తెంపి, కొంగున ముడివేసుకుంది. ఆమె లోపలికొచ్చి చేతులు కడుక్కునేదాకా వీధిలో జగడం ఆగలేదు.

కాయలో నాలుగు గింజలు. చిప్పకొకటి నాటింది.

"ఇవెక్కడివి?" అడిగింది సుంకులమ్మ.

"ఆదోనివే అత్తా. వేరే అంగడివి."

ఒకటి కుళ్లింది. ఒకదాన్ని చీమలు తిన్నాయి. రెండు లేచాయి. ఆరో రోజుకు వాటి కాడలు ఎర్రబడ్డాయి. సుంకులమ్మ వంగి చూసింది. మర్నాడు పెరట్లో నాలుగు గుంజలు పాతి ఉన్నాయి, వాటి మీద తెగిన పడుగు దారాలతో అల్లిన పందిరి.

"నీళ్లు పొద్దున్నే పొయ్యి. మద్దేన్నం పోస్తే వేరు ఉడుకుతాది," అంది అత్త. రెండు నెలల తర్వాత ఆమె చెప్పిన మొదటి పెరటి పని.

కార్తీకంలో తొలి కోత వండారు. వీరేష్ మూడుసార్లు కూర వేయించుకున్నాడు. సుంకులమ్మ అటక మీది కుండ దించి, కొత్త బూడిద నింపి, కోడలి ముందు పెట్టింది.

"ఈ యేడు విత్తనం నువ్వే తియ్యి."

మహేశ్వరి తలూపింది.

"ఇదో, ఈ గిన్నెడు కూర ఉమారాణికి ఇచ్చిరా."

"ఆయమ్మకెందుకత్తా?"

"దాని గోడ మీది కాయే కదా."

మహేశ్వరి గిన్నె కింద పెట్టేసింది. ఇక దాచి లాభం లేదు.

"ఎత్తుకురావాలని పోలేదత్తా. ముందు అడిగినా. రెండు గింజలన్నా ఇయ్యమని బతిమాలినా. ఇయ్యనంది."

సుంకులమ్మ గిన్నె మీద మూత పెట్టి, మళ్లీ కోడలి చేతికిచ్చింది.

"ఇయ్యొద్దని దానికి సెప్పింది నేనే."