ఏడు పొడి రోజులు

ఆయమ్మ మూడు రకాల గుడ్డ ప్యాంట్లు బల్ల మీద పరిచింది. పసిపిల్లలకి బట్టల్లో పోసుకునే అలవాటు మాన్పించడానికి వేసేవి, ఉతికి మళ్ళీ వాడుకునేవి. ఒకటి ఆరు పొరలది, బొంతలా ఉంది. ఇంకోదానికి లోపల ప్లాస్టిక్ పొర. మూడోది పలచన, మధ్యలో మాత్రం చిన్న మెత్త.

"ఇదే మన చినుక్కి" అని పలచనది ఎత్తి చూపించింది.

"వద్దు ఆయమ్మా. ఆ మందపుది వెయ్యండి" అంది చినుకు వాళ్ళమ్మ గుమ్మం అవతల నుంచే.

కుట్టు హాల్లో పనిచేసే ఆడవాళ్ళు పిల్లల గదిలోకి రావడానికి లేదు. పొద్దున్న గుమ్మం దగ్గర బిడ్డను అప్పగించాలి, సాయంత్రం తీసుకెళ్ళాలి.

"మందపుదైతే పిల్లకి తడి తెలీదే తల్లీ! తెలిస్తేనే కదా చిరాకేసి చెప్పేది? నలుగుర్ని పెంచాను, నాకా నేర్పుతున్నావ్?"

"చలి చేస్తుందేమోనని..."

"ఎండ మండిపోతుంటే చలేమిటి, నీ మొహం!"

మూడేళ్ళు నిండొస్తున్నా ఎక్కడ పడితే అక్కడ కార్చుకుంటూ తిరుగుతుందని పిల్లకి చినుకు అని పేరు పడిపోయింది. అసలు పేరు రిజిస్టర్లో ఉంది గానీ పిలిచే దిక్కు లేదు.

ఆయమ్మ అక్కడ చేరి నెలే అయింది. మొగుడు పోయాక దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగం. రోజూ గేటు దగ్గర సంచీ వెతికించుకుని లోపలికి రావడం మొదట్లో తలకొట్టేసినట్టుండేది. ఇప్పుడు అదీ అలవాటైంది. చేరిన రోజే మేడమ్ చెప్పేసింది: "ఆ వయసు వాళ్ళలో అదొక్కతే మిగిలింది. పొద్దున్నా సాయంత్రమూ పొడిగా ఉన్నట్టు వరసగా ఏడు రోజులు రాసి చూపించు. నీ ఉద్యోగం పర్మనెంట్."

ఆయమ్మ కొంగు బిగించింది. అరగంటకోసారి చినుకుని పాటీ మీద కూర్చోబెట్టింది. ఎదురుగా చతికిలబడి పిచ్చి పాటలు పాడింది. పదిరోజులకల్లా చినుకు బొమ్మ వదిలేసి పరుగెత్తుకొచ్చి, "ఆయమ్మా, ఉచ్చ!" అంది. "నా తల్లే! నా బంగారు కొండే!" అని ఆయమ్మ ఎత్తుకుని ముద్దులాడింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

కానీ పొద్దున్నయ్యేసరికి కథ మొదటికొచ్చేది. చినుకు తడిసిన ప్యాంటుతోనే వచ్చేది.

"రాత్రంతా ఇదే గోల ఆయమ్మా. తడి అనే రాసుకోండి" అనేది వాళ్ళమ్మ తలొంచుకుని.

ఒకరోజు ఆ ప్యాంటు ఉతకబోతూ ఆయమ్మ ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నలుగురు పిల్లల గుడ్డలుతికిన ముక్కు అది. ఉచ్చ వాసన లేదు. ఉత్త కుళాయి నీళ్ళు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మని పట్టుకుంది.

"ఏమే, కన్నతల్లివేనా నువ్వు? పిల్ల బుద్ధిగా నేర్చుకుంటుంటే నీళ్ళు పోసి తడిపి తెస్తావా?"

వాళ్ళమ్మ మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి ఆయమ్మ చెయ్యి పట్టుకుంది. సూది పోట్లకి మొద్దుబారిన వేళ్ళు. "మీ కాళ్ళు పట్టుకుంటాను. పొడి అని మాత్రం రాయకండి."

"ఎందుకు రాయకూడదు?"

గంట మోగింది. హాల్లోంచి సూపర్‌వైజర్ కేక వినిపించింది. ఆమె చెయ్యి వదిలేసి పరుగెత్తింది.

ఎందుకో ఆయమ్మే కనిపెట్టింది. గుడ్డలు ఉతుక్కోవాలని, పక్క తడిపే పిల్లల తల్లుల్ని అరగంట ఆలస్యంగా రానిస్తారు. ఆ అరగంట కోసమా ఈ నాటకం! ఆయమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే తడి ప్యాంటు వాసన చూడటం, "నీళ్ళే" అని పైకే అనడం, రిజిస్టర్లో పొడి అని రాయడం. మూడో రోజు వాళ్ళమ్మ గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

"ఆయమ్మా, ఒక్క మాట వినండి..."

"నాకేం చెప్పకు. చెప్పాల్సింది నా ముక్కు చెప్పింది. పో, నీ మిషన్ దగ్గరికి పో."

ఏడో రోజు ఆమె ప్యాంటు తడపలేదు. పిల్లని అప్పగించబోయి మళ్ళీ గుండెకి అదుముకుంది. ఆయమ్మే లాక్కోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఆయమ్మ చినుకుని చంకనేసుకుని, రిజిస్టర్ పట్టుకుని మేడమ్ గదికి బయల్దేరింది. దారిలో కుట్టు హాలు. ఆమె కనబడగానే మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒకే రంగు బట్టల్లో అంతమంది ఆడవాళ్ళు, ఒక్కరూ నవ్వలేదు. ఒకావిడ చినుకు వాళ్ళమ్మ భుజం గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎదుటివాళ్ళకి మంచి జరిగితే ఓర్వలేరు కదా అనుకుంది ఆయమ్మ, తల ఎగరేసి నడుస్తూ.

మేడమ్ రిజిస్టర్ చూసింది. ఏడు పేజీలూ తిప్పింది. కలం మూత తీసింది.

"నేనే చెప్పా! ఉచ్చ నేనే చెప్పా!" అంది చినుకు గొప్పగా. ఆయమ్మ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "అమ్మకి చెబుదామా?"

"తీసుకెళ్ళి ఒకసారి చూపించి రా ఆయమ్మా," అంది జైలర్ మేడమ్ సంతకం పెడుతూ, "పక్క తడపడం మానేసిన బిడ్డని తల్లి దగ్గర ఉంచకూడదని ఇక్కడి రూలు, రేపు పొద్దున్నే అనాథాశ్రమం వ్యాన్ వస్తుంది, వాళ్ళమ్మకి శిక్ష ఇంకా పదకొండేళ్ళుంది."