బురద గ్రహం బండి

"ఏవండీ! తీసుకున్నారు! నా బండిని తీసుకున్నారు!"

హర్షిణి లేచిన విసురుకి కుర్చీ వెళ్లి గోడకి కొట్టుకుంది. పళ్లు తోముకుంటున్న చరణ్‌తేజ బ్రష్షు నోట్లోనే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

కంప్యూటర్ తెర మీద ఇంగ్లండు నుంచి వచ్చిన మెయిలు. బల్ల మీద ఆడే యుద్ధం ఆటలకి కాగితం బళ్లు అమ్మే కంపెనీ అది. కొన్నవాళ్లు ఆ షీట్లు ఇంట్లో ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి, అంటించుకుని ఆడుకుంటారు. హర్షిణి పంపిన 'బురద గ్రహం తవ్వుడుబండి' వాళ్లకి తెగ నచ్చేసింది. అలాంటివే ఇంకో నాలుగు కావాలట. చేస్తుందో లేదో ఇవాళే చెప్పాలట.

"చేస్తానని రాసెయ్," అన్నాడు చరణ్ నురగ మింగేస్తూ.

"మరి మావయ్యగారో?"

ఇద్దరూ ఒక్కసారే తలుపువైపు చూశారు.

ఆ గదీ, అందులో కంప్యూటరూ, ప్రింటరూ అన్నీ సూర్యనారాయణగారి చేపల వ్యాపారానివి. కొత్త కోడలు కాగితం బొమ్మలు చేస్తోందని తెలిసిన రోజున ఆయన అరవలేదు. "చదువుకున్న పిల్లనుకున్నాను," అన్నారు, అంతే. ఆ ఒక్క మాటకి హర్షిణికి రెండ్రోజులు ముద్ద దిగలేదు. ఈసారి వద్దన్నారంటే బొమ్మలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడమే.

"ఇవాళ కదపకు హర్షీ. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేస్తారన్న మాట పుట్టినప్పట్నుంచీ ఆయన ఆయనలా లేరు. కొడతారంటారు, ఎప్పుడో ఎవడూ చెప్పడు. మన చెరువులూ అక్కడే కదా. నిన్న చారులో ఉప్పు తక్కువైందని అమ్మ మీద ఎంతెత్తున లేచారో చూశావుగా."

"ఇవాళే చెప్పాలటండీ."

"ఏం చెప్పాలి?"

గుమ్మంలో సూర్యనారాయణగారు. ఆయన వెనక కాఫీ గ్లాసుతో అత్తగారు బాలాత్రిపురసుందరి.

హర్షిణి చరణ్ వైపు చూసింది. చరణ్‌కి నోట్లో బ్రష్షుంది, అతనికదో అదృష్టం. ఇక తప్పదని హర్షిణే అరచేతిలో పట్టేంత తవ్వుడుబండిని తెచ్చి మావగారి చేతిలో పెట్టింది. సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"ఆడేది పిల్లలేనా?"

"పెద్దవాళ్లేనండీ. పాచికలు వేసి యుద్ధం చేసుకుంటారు."

"వైకుంఠపాళీ లాగానా? పాములుంటాయా?" అంది అత్తగారు ఉత్సాహంగా.

"నువ్వుండు," అన్నారాయన.

కళ్లజోడు సవరించుకుని బండిని తిరగేశారు. పొడుగాటి ఇనప చెయ్యి, చివర తొట్టి, నెత్తిన ఫిరంగీ, గాజు గుమ్మటం, కింద ఇంతేసి వెడల్పు పట్టాలు. వేలిగోటితో పసుపు రంగు మీద తుప్పుని గీకి చూశారు. అది కాగితం మీద అచ్చు కాబట్టి ఊడిరాలేదు.

"ఈ తుప్పు నువ్వు వేసిందేనా?"

"కాదండీ. చేత్తో రంగులేస్తే బొమ్మలాగే కనిపిస్తుంది. నిజం బండిని అన్ని పక్కల్నుంచీ ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఆ తోలు వొలిచి దీనికి తొడిగాను. ఆ ఫిరంగీ, గాజు గుమ్మటం మాత్రం నేను కల్పించినవండీ."

"నిజం బండి నీకెక్కడ దొరికింది?"

వైవాలో ఎదుటి లెక్చరర్ గొంతు అలాగే ఉండేది. హర్షిణి చీరచెంగు వేలికి చుట్టుకుంది.

"పోయిన ఆదివారం జంగారెడ్డిగూడెం నుంచి వస్తుంటే ఊరిబయట బస్సు ఆగిపోయింది కదండీ. అక్కడ మూతబడిన రైసుమిల్లు వెనకాల వరసగా పెట్టున్నాయండీ."

"వరసగానా?"

"అవునండీ. అన్నిటికీ టార్పాలిన్లు కప్పేశారు. ఒక్కదానికే తీసుంది."

"పట్టాలు నిజంగానే ఇంత వెడల్పా, నువ్వు పెంచావా?"

"నిజంగానేనండీ! బురదలో దిగబడకుండానట. డ్రైవరు చెప్పాడు."

"ఇంకేం చెప్పాడు?"

హర్షిణి నాలిక్కరుచుకుంది. దారినపోయే డ్రైవరుతో మాట్లాడానని తనంతట తనే ఒప్పేసుకుంది. చరణ్ కళ్లు మూసుకున్నాడు.

"ఫోటోలేవో ఇప్పుడే తీసుకోమ్మా, ఇంకో వారమైతే ఇవి నిలువెల్లా బురదే, అన్నాడండీ. నాకీ బురద గ్రహం అప్పుడే తట్టింది."

సూర్యనారాయణగారు పట్టాల వెంట బొటనవేలు పోనిచ్చారు. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఆయన దృష్టి బండి మీదనుంచి మళ్లలేదు. ఇప్పుడు వద్దంటారు, ఇదిగో ఇప్పుడు వద్దంటారని హర్షిణి పెట్టె తాళం ఎక్కడుందో గుర్తుచేసుకుంది.

ఆయన బండిని పూలసజ్జని దించినంత పదిలంగా బల్ల మీద దించారు.

"చాలా బాగుందమ్మా," అన్నారు. "చేస్తానని చెప్పు. ఈ గది ఇకనుంచి నీదే."

అత్తగారి చేతిలో గ్లాసు ఒలికింది. చరణ్ నోట్లోంచి బ్రష్షు జారి కిందపడింది. హర్షిణి అత్తగారిని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. "అయ్యో, కాఫీ! కాఫీ పోయిందే పిల్లా!" అంటూనే ఆవిడ కూడా నవ్వేసింది.

"చూశారా? మావయ్యగారు ఒక్కో తుప్పుమరకా పట్టి పట్టి చూశారు! మీరెప్పుడైనా చూశారా అలా?" అని మొగుణ్ని దెప్పింది. మెయిలుకి జవాబు కొట్టేసి, కొత్తగా కలిపిన కాఫీ తనే పట్టుకుని మావగారి కోసం వరండాలోకి పరుగెత్తింది.

ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కున్నారు. చెవి దగ్గర ఫోను. అవతల చెరువుల దగ్గరుండే కాపలామనిషి. ఇంట్లోవాళ్లకి కూడా వినపడకూడదన్నంత నెమ్మదిగా అంటున్నారు.

"పాపారావూ, గట్లు కొట్టే మిషన్లు వచ్చేశాయి, రేపే చేపలన్నీ పట్టించెయ్."